మేనేజరు సారు నాచేత రాయించిన ఉత్తరం

కృపామయుడైన దేవునికి స్తోత్రం. ఈ వయసు దాకా నా అడుగులు తడబడకుండా నడిపించిన తండ్రికి, మరిచిపోయామనుకున్న మనుషుల్ని తగిన వేళకు మళ్ళీ మన ముందుకు తెచ్చి నిలబెట్టే ఆయన కనికరానికి ముందుగా వందనాలు చెప్పుకొని ఈ నాలుగు మాటలూ మొదలుపెడుతున్నాను. మా అమ్మ ఏ పని చేసినా, చివరికి ఊరగాయ జాడీ మూత తీసినా, ముందు స్తోత్రం చెప్పేది. ఆ అలవాటు నాకూ వచ్చింది.

పోయిన నెల ఒక ఆదివారం ఆరాధన ముగిశాక నార్సింగిలో తమ్ముడింటికి భోజనానికి వెళ్ళాను. వాళ్ళది పదహారో అంతస్తు. మేనల్లుడు సాఫ్ట్‌వేరు కంపెనీలో పనిచేస్తూ, సెలవురోజుల్లో నగర లీగు కింది డివిజన్లో ఉన్న ఒక ఫుట్‌బాల్ క్లబ్బుకు ఆడతాడు. కంచం ముందు కూర్చున్నవాడు ఫోను చూసుకొని, తమ మేనేజరు సీజను మధ్యలో వెళ్ళిపోయాడనీ, రెండు వాక్యాల సందేశం వచ్చిందనీ చెప్పి, పప్పు గిన్నె తన వైపు లాక్కున్నాడు. ఎందుకు వెళ్ళాడురా అని అడిగితే తెలియదన్నాడు. ఎవరూ అడగలేదా అంటే, గ్రూపులో అందరూ దండం బొమ్మలు పెట్టారు కదత్తా అన్నాడు, అంతకంటే ఇంకేం చేస్తారన్నట్టు.

నా ముద్ద నా చేతిలోనే ఉండిపోయింది. ఎందుకంటే సరిగ్గా అదే ప్రశ్న ఇరవై ఏళ్ళకు పైగా నా లోపల ఉంది. పై డివిజనుకు వెళ్ళడానికి ఒక్క ఆట దూరంలో ఉన్న జట్టును వదిలి ఒక చిన్న క్లబ్బు మేనేజరు చెప్పాపెట్టకుండా ఎందుకు వెళ్ళిపోయాడు? ఆ ప్రశ్నకు తోక కూడా ఉంది, అది నేను ఎవరికీ చెప్పుకోలేదు. ఆయన వెళ్ళిపోవడానికి కారణం నేనేనా?

ఆ రోజుల్లో మేము బాపట్ల వైపు నుంచి వచ్చి చందానగర్‌లో కిరాయికి ఉండేవాళ్ళం, నేనూ అమ్మా తమ్ముడూ. నాకు మాదాపూర్‌లో కొత్తగా పెట్టిన ఒక కంపెనీలో, ముందు గదిలో కూర్చుని ఫోన్లు ఎత్తే ఉద్యోగం దొరికింది. ఇప్పుడు అద్దాల మేడలు నిలబడ్డ చోట అప్పుడు మధ్యాహ్నం బండలు పేల్చేవాళ్ళు, పేల్చే ముందు ఈల వేసేవాళ్ళు, ఆ ఈల వినగానే మేము మంచినీళ్ళ గ్లాసుల మీద మూతలు పెట్టుకునేవాళ్ళం, దుమ్ము పడకుండా. మీలో కొందరికైనా ఆ ఈల గుర్తుండి ఉంటుంది. ఇంగ్లీషులో ఉత్తరాలు టైపు చేయడం నాకు అక్కడే అలవాటయింది, ఆ పనే నన్ను ఫుట్‌బాల్ దగ్గరికి తీసుకుపోయింది. తమ్ముడు మా పేట క్లబ్బులో గోల్‌కీపరు. లీగు ఆఫీసుకు ఉత్తరాలు రాసేవాళ్ళు క్లబ్బులో ఎవరూ లేక, మా అక్క రాస్తుందని వీడు మాట ఇచ్చి వచ్చాడు. అప్పటినుంచి నేను ఆఫీసు నుంచి లోకల్ రైల్లో దిగి, తిన్నగా మైదానానికి వెళ్ళి, మేనేజరు సారు చెప్పింది రాసుకొని ఇంటికి పోయేదాన్ని.

మైదానమంటే గడ్డి ఉండేదనుకునేరు. ఎర్రమట్టి, గులకరాళ్ళు, ఒక వైపు గోలు రెండో వైపు దానికంటే జానెడు పొట్టి. మేనేజరు సారు అక్కడికి దగ్గరి పల్లెవారే, ఒక ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ ఫ్యాక్టరీ జట్టుకు చాలాకాలం ఆడి దిగిపోయిన మనిషి. పొడుగ్గా, మెడలో విజిల్‌తో, జెర్సీల ట్రంకుపెట్టె మీద కూర్చుని ఉండేవారు. ఆయన నేర్పిన ఆటలో ఒక వింత ఉండేది. బంతి ఎవరికి తన్నుతున్నారో వాళ్ళ పేరు ముందు గట్టిగా పిలిచి అప్పుడు తన్నాలి. పిలవకుండా తన్నిన బంతి గోల్లోకి పోయినా ఆయన మెచ్చుకునేవారు కాదు. గోల్‌కీపరు ఆ పేరును ఇంకోసారి అరిచి చెప్పాలి. ఎదుటి జట్లవాళ్ళు మావాళ్ళను హాజరు పట్టీ అని ఎగతాళి చేసేవాళ్ళు, మా ఫార్వర్డు బంతితో వస్తుంటే ప్రెజెంట్ సార్ అని అరిచేవాళ్ళు. కానీ పేరు పెట్టి పిలిస్తే మనిషి ఎలా పరుగెత్తుకొస్తాడో నేను ఆ ఎర్రమట్టిలోనే చూశాను. తన గొర్రెలను ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి పిలిచే కాపరి సంగతి ఎన్నో ఆదివారాలు విన్నదాన్ని, అయినా అంతకుముందు నాకు అది ఇంత బాగా అర్థం కాలేదు. అడుగున ఉన్న జట్టు ఆ సీజనులో గెలుస్తూ గెలుస్తూ పైకి వచ్చింది.

మిగతా మేనేజర్లందరూ మైదానానికి మధ్యగీత దగ్గర నిలబడితే ఈయన మాత్రం మా గోలు వెనకాల, మా తమ్ముడి వీపు వెనక నిలబడేవారు. సగం ఆటయ్యి జట్లు వైపులు మారితే ఆయనా తమ్ముడి వెంట అటు నడిచేవారు. ఉత్తరాలేవి తెచ్చినా చేతికి తీసుకోకుండా, నువ్వే చదువమ్మా, నీ నోట వింటె మంచిగుంటది అనేవారు. నా ఇంగ్లీషు ఆయనకు అంత నచ్చిందని నేను లోలోపల పొంగిపోయేదాన్ని. అయితే ఒకరోజు క్లబ్బు ప్రెసిడెంటుగారు, అంటే చందానగర్ బజారులో టిఫిన్ సెంటరు నడిపే పెద్దమనిషి, జట్టుకు కొత్త జెర్సీలు కుట్టించి తెచ్చారు. పాతవి నీలం, కొత్తవి కళ్ళు జిగేలుమనే పసుపు. పిల్లలు వేసుకొని వరసగా నిలబడితే మేనేజరు సారు తృప్తిగా తలూపి, నీలం రంగు మనోళ్ళకు ఎప్పటికీ మంచిగనే ఒప్పుతది అన్నారు. పదకొండుమందీ ఒక్కసారైనా ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా, ఔ సార్, నీలమే గద అన్నారు.

నేను ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ ఒక్కొక్కటీ పేర్చుకున్నాను. గోలు వెనక నిలబడటం, ఉత్తరం చేతికి తీసుకోకపోవడం, పేర్లు పిలవమనడం. ఆయనకు చూపు పోతోంది, ఎవరికీ తెలియకుండా నెట్టుకొస్తున్నారు, నేనొక్కదాన్నే కనిపెట్టాను. నిజం ఒప్పుకోవాలి, నాకు జాలి ఎంత వేసిందో, కనిపెట్టానన్న సంతోషమూ అంతే వేసింది.

ఇక నేను చేసిన పని చెబుతాను. మా సంఘంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన ఉండేది. ప్రార్థన కావలసినవాళ్ళు చీటీ రాసి పెట్టెలో వేస్తే పాస్టరుగారు గట్టిగా చదివేవారు, అందరూ మోకరించేవాళ్ళు. పేరు రాయకపోతే గుట్టు దాచినట్టేనని మా నమ్మకం. పేరు తప్ప మిగతాదంతా రాసేవాళ్ళం, ఎందుకంటే దేవుని ముందు వివరంగా మొరపెట్టుకోవాలని మా పెద్దవాళ్ళు నేర్పారు. నేనూ అలాగే రాశాను. పిల్లలకు బంతాట నేర్పే ఒక పెద్దాయన చూపు పోతున్నదనీ, ఎవరితోనూ చెప్పుకోలేకపోతున్నాడనీ, ప్రభువు ఆయన కళ్ళను ముట్టాలనీ. చందానగర్ మొత్తానికి బంతాట నేర్పే పెద్దాయన ఒక్కరేనని చీటీ పెట్టెలో వేసేటప్పుడు నాకు తట్టలేదు. పాస్టరుగారు చదువుతుంటే, ముందు వరసలో ప్రెసిడెంటుగారి భార్య మోకాళ్ళ మీదనే వెనక్కి తిరిగి నా వైపు చూసింది.

మరునాడు సాయంత్రానికి ఆమె ప్రార్థించిన నూనె సీసా పట్టుకొని మైదానానికి వచ్చేసింది. వెనకాల ప్రెసిడెంటుగారు కళ్ళకు మంచిదని గోనెసంచి నిండా క్యారెట్లు మోయించుకొని వచ్చారు. జట్టంతా చుట్టూ చేరింది. ఆమె ఎంతో ప్రేమగానే, అన్నయ్యగారూ, కళ్ళు మూసుకోండి, ప్రార్థన చేస్తానండి అంది. మేనేజరు సారు పెట్టె మీద బుద్ధిగా కూర్చొని, మొహం పైకెత్తి అన్నారు.

"మూసుకున్నా తెరుసుకున్నా నాకు ఒకటే గదమ్మా. నువ్వు కానియ్యి."

పిల్లలు పగలబడి నవ్వారు. ఆయనా నవ్వారు. నాకు మాత్రం భూమి చీలితే బాగుండుననిపించింది. నుదుటి మీది నూనె చెంప మీదికి కారుతుంటే తుడుచుకోకుండా ఆయన ప్రార్థన అయ్యేదాకా అలాగే కూర్చున్నారు.

నాలుగు రోజుల తరువాత, అంటే ఆఖరి ఆటకు మూడు రోజుల ముందు, మా ఇంటికి వచ్చారు. అంతకుముందెప్పుడూ రాలేదు. గేటు దగ్గరినుంచి తమ్ముడు చెయ్యి పట్టుకొని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి, అమ్మ మందుల కోసమని బయటికి వెళ్ళిపోయాడు. అమ్మ చాయ్ ఇచ్చింది. ఆయన ఊది ఊది తాగి, కప్పు బల్ల అంచు ఎక్కడుందో వేలితో తడుముకొని పెట్టి, ఒక ఉత్తరం రాయాలె బిడ్డా అన్నారు. ప్రెసిడెంటు పేర రాయమన్నారు. ఈ రోజునుంచి మేనేజరు పని మానుకుంటున్నాను అని చెప్పారు. నేను రాయడం ఆపేశాను. కారణం ఏమని రాయమంటారండి అని అడిగాను. 

"కారణం ఎందుకు? పోతుండు అని తెలిస్తె చాలు. రాయకు."

ఆ ఒక్క వాక్యమే ఉత్తరం. కింద ఆయన పేరు రాసి, వేలు పట్టుకొని చోటు చూపిస్తే సంతకం పెట్టారు. తరువాత చదవమన్నారు. చదివాను. కింద పేరు గూడ చదువు అన్నారు. అన్నాళ్ళూ ఆయన్ని సారూ అనడమే తప్ప ఆ పేరు నా నోట ఒక్కసారి కూడా రాలేదు. ఇంటిపేరుతో సహా చదివాను. ఆయన లేచి, గుమ్మం దగ్గర నిలబడి అన్నారు.

"ఇగ పేరు తెల్సింది గద బిడ్డా. యాదుంచుకో."

అంతే. విజిల్ మా బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. ఆ మాట నన్ను ఎంత కోసిందో చెప్పలేను. పేరు రాయకుండా నా గుట్టు ఊరంతా చాటావు గదా, ఇదిగో పేరు, దీన్ని కూడా చాటుకో అని ఆయన దెప్పిపొడిచినట్టుగానే నాకు వినిపించింది. ఆ తరువాత ఎన్నో ఏళ్ళు, ఎవరికోసమైనా మోకరించినప్పుడల్లా ఆ మాట ముందుకొచ్చి నిలబడేది.

పేటలో కారణాలు తలా ఒకటి చెప్పారు. పెద్ద జట్టేదో పిలిచిందని కొందరు, కూతురి దగ్గరికి పోయాడని కొందరు. ప్రెసిడెంటుగారైతే క్యారెట్ల వల్లనే ఆయన మనసు నొచ్చుకుందని చాలాకాలం బాధపడ్డారు. ఇంట్లో తమ్ముడు ఆ ఊసే ఎత్తేవాడు కాదు. నేను అడగలేదు. అడిగితే నీవల్లనే అంటాడేమోనని భయం.

ఆఖరి ఆటకు వెళ్ళాను. గోలు వెనక ఆయన నిలబడే చోటు ఖాళీగా ఉంది. మొదటి పది నిమిషాలు మావాళ్ళు ఒక్కరూ నోరు తెరవలేదు, ఒక గోలు తిన్నారు. అప్పుడు మా తమ్ముడు గొంతు చించుకొని ఒక పేరు పిలిచాడు, తరువాత ఇంకొకటి. మెల్లగా అందరి నోళ్ళూ లేచాయి. రెండు గోల్స్ కొట్టి గెలిచారు. పైకి వెళ్ళారు, పెద్ద మైదానంలో ఒక్క సీజను ఆడారు, మళ్ళీ కిందికే వచ్చారు. కొన్నాళ్ళకు ఎవరి ఉద్యోగాలకు వాళ్ళు వెళ్ళిపోయారు. ఎర్రమట్టి మీద ఇప్పుడు నాలుగు బ్లాకుల అపార్టుమెంటు ఉంది, గోలు ఉన్నచోట కార్లు ఎక్కి దిగే ఏటవాలు దారి.

ఇదంతా ఆ ఆదివారం కంచం ముందు నా కళ్ళలో తిరిగింది. మేనల్లుడు చెయ్యి కడుక్కొని వెళ్ళాక, తమ్ముడూ నేనూ బాల్కనీలో కూర్చున్నాం. దేవుడే ధైర్యమిచ్చాడేమో, అడిగేశాను. మన మేనేజరు సారు నా చీటీ వల్లనే వెళ్ళిపోయారు కదరా అన్నాను. వాడు నా వైపు వింతగా చూశాడు.

"ఏ చీటీ అక్కా? ఆ కళ్ళ చీటీనా? ఆయనకు కనపడదని మాకు మొదటిరోజే చెప్పిండు. నాకు బంతి కనవడదురా, మీరే పేర్లు చెప్పి నాకు ఆట చూపియ్యాలె అన్నడు. నువ్వు కొత్తగా కనిపెట్టిందేముంది?"

 పసుపు జెర్సీలను నీలమన్న పిల్లలు, నూనె కారుతుంటే నవ్విన పిల్లలు. ఆ నవ్వులో ఆశ్చర్యం లేదని నాకెందుకు తోచలేదు? అయితే మరి ఎందుకు వెళ్ళారని అడిగాను. వాడు నెమ్మదిగా చెప్పాడు. పైకి వెళితే ఆడవలసిన పెద్ద మైదానం ఎట్లుంటదో ఒకసారి చూపియ్యమని సారు అడిగితే, వాడు స్కూటరు మీద తీసుకెళ్ళాడట. అక్కడ ఆ రోజు ఏదో పెద్ద ఆట, డప్పులు, మైకులు, జనం. సారు అరగంట కళ్ళు మూసుకొని కూర్చున్నారట. తిరిగి వస్తూ దారిలో స్కూటరు ఆపించి చెప్పారట.

"ఈడ ఒక్క పేరు గూడ ఇనవడ్తలేదురా. నేనుంటె మీరు ఆట ఇడిసిపెట్టి నాకు ఇనవడ్తుందా లేదా అని నా దిక్కే చూస్తరు. నేను లేకుండ ఆడుడు ఇప్పుడే అలవాటు చేసుకోవాలె. పైకి పోయినంక కాదు, ఈ ఆఖరి ఆటనుంచే."

అది ఏ రోజు అని అడిగాను. వాడు ఇరవై ఏళ్ళ కిందటి సంగతి ఎవరికి గుర్తుంటుందక్కా అని, మళ్ళీ తనే ఆలోచించి, స్కూటరు పంక్చరై ఆలస్యంగా వస్తే నువ్వు గుమ్మంలోనే తిట్టావు చూడు, ఆ రోజు, బుధవారం అన్నాడు. ఆ తిట్లు నాకు గుర్తున్నాయి. నేను చీటీ రాసింది ఆ తరువాతి శుక్రవారం. అంటే ఆయన అప్పటికే నిర్ణయం తీసుకున్నారు. మరి ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదురా అంటే, ఉత్తరం రాసింది నువ్వే గదా, నీకు చెప్పే ఉంటాడనుకున్నా అన్నాడు. ఇద్దరం ఒకే ఇంట్లో ఉండి, ఒకరికి తెలుసని ఒకరం, ఒకరు తప్పుపడతారని ఒకరం, ఇన్నేళ్ళు నడిపేశాం.

అయితే నా చీటీ సంగతి ఆయనకు తెలుసా అని అడిగాను, ఆఖరుకు. తెలుసట. నూనె పూసిన రోజే అడిగి తెలుసుకున్నారట, నవ్వారట.

"మీ అక్క నా పేరు రాయలేదంట గదరా. పేరు పిలువకుంటె బంతి ఎవరికి పోతదో ఎట్ల తెలుస్తది? మీ దేవునికి మాత్రం ఎట్ల తెలుస్తది?"

పదహారో అంతస్తు గాలికి నా కొంగు రెపరెపలాడుతుంటే పట్టుకోవడం కూడా మరిచిపోయాను. గుమ్మంలో ఆయన అన్న మాట ఇన్నేళ్ళకు నాకు సరిగ్గా చేరింది. ఆయన దెప్పలేదు. తనకోసం మోకరించమని, ఈసారి పేరు పెట్టి మోకరించమని అడిగారు. అందుకే చదివించారు. నేను సిగ్గుతో ఆ పేరును నాలుక మీదికి రానివ్వకుండా దాచేశాను. తప్పు చీటీ రాయడంలో కొంత ఉంది, కాదనను. మనిషిని అడగకుండా అతని కష్టాన్ని నలుగురిలో పెట్టడం ప్రార్థన పేరుతో చేసినా తొందరపాటే. కానీ అంతకంటే పెద్ద తప్పు, ఆయన అడిగింది ఇన్నేళ్ళూ చేయకపోవడం.

సారు ఉన్నారు, దేవునికి స్తోత్రం. ప్రగతి నగర్‌లో చిన్న కూతురి దగ్గర ఉంటున్నారనీ, ఇప్పుడు వెలుతురు కూడా తెలియదనీ, టీవీలో ఆట పెట్టించుకొని వింటారనీ తమ్ముడు చెప్పాడు. మా ఇంటినుంచి ఎంత దూరమని. వచ్చే ఆదివారం ఆరాధన కాగానే వెళుతున్నాం. క్యారెట్లు మాత్రం తీసుకెళ్ళను.

ఇప్పుడు హైటెక్ సిటీ వైపు వెళ్ళినప్పుడు చూస్తాను, ప్రతివాళ్ళ మెడలోనూ పేరు వేలాడుతూ ఉంటుంది, ఒకరినొకరు పేరుతో పిలుచుకునేవాళ్ళు మాత్రం కనపడరు, చెవుల్లో ఏవో పెట్టుకొని నడిచిపోతారు. తమ్ముడి బాల్కనీ కింద వల కట్టిన పచ్చటి మైదానంలో పిల్లలు చక్కటి బూట్లతో ఆడుతున్నారు, బంతి తన్నిన చప్పుడు పైదాకా వస్తుంది, ఒక్క పేరు కూడా రాదు. మనుషులు వెళ్ళిపోతే రెండు వాక్యాలు వస్తాయి, దండం బొమ్మలు పోతాయి, ఎందుకని ఎవరూ వెనకాల పరుగెత్తరు. మేము పరుగెత్తామా అంటే, మేమూ లేదు. కానీ ఎందుకు వెళ్ళాడోనన్న ప్రశ్నను పారేయకుండా దాచుకున్నాం. ఆ మాత్రం తేడా ఉందనిపిస్తుంది.

ఈ పేజీ చదువుతున్న నా ఈడు అక్కలకూ అన్నలకూ ఒక మనవి. చదవడం ఆపి ఒక్క నిమిషం నాతో కళ్ళు మూసుకోండి. చూపు లేని ఆ పెద్దాయన కోసం, ఆయన చెవికి ఎప్పుడూ ఎవరో ఒకరి పిలుపు వినపడుతూ ఉండాలని అడుగుదాం. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు, ఈసారి ఆయన్ని అడగకుండా రాయను. దేవుని ముందు ఆ పేరు, ఇంటిపేరుతో సహా, నేను గట్టిగా పిలుస్తాను. మీరు ఆమేన్ అనండి.